ఒక జత బట్టల సంచి

కార్ఖానా సేటు కారు నడిపే అంజన్న తన సంచిని ఇంట్లో సర్దుకోడు. ఊరికి పోవలసిన రోజున బట్టలు మోచేతి మీద వేసుకుని, ఖాళీ సంచి చంకలో పెట్టుకుని కార్ఖానాకు వస్తాడు. గేటు గదిలో కాపలాదారు సత్తయ్య బల్ల ముందు నిలబడి, సంచిని లోపలి వైపు బయటికి తిప్పి దులిపి, మళ్లీ తిరగేసి, ఒక్కొక్క వస్తువే చూపించి అందులో పెడతాడు. ఏడాది కింద సత్తయ్య అతని సంచిని గేటు బయట, షిఫ్టు దిగి పోతున్న మనుషుల ముందర, నేల మీద కుమ్మరించి చూశాడు. అందులో బట్టలు తప్ప ఏమీ లేవు. అంజన్న కింద పడ్డ దువ్వెనను ప్యాంటుకు తుడుచుకుని జేబులో పెట్టుకున్నాడు. ఆ తరువాతి ప్రయాణం నుంచి ఈ పద్ధతి మొదలుపెట్టాడు.

దసరా వెళ్లిన మంగళవారం పొద్దున్న ఎనిమిది గంటలకు కూడా అలాగే వచ్చాడు.

“సూడు కాకా, మంచిగ సూడు. ఒక ప్యాంటు. ఒక అంగి. తువ్వాల. దువ్వెన.” తరువాత ఎర్ర లక్క పూసిన కట్టె గిలక్కాయ తీసి సత్తయ్య చెవి దగ్గర ఊపాడు. “లోపట రాళ్లున్నయి. పెట్రోల్ లేదు.”

సత్తయ్య నవ్వలేదు. గిలక్కాయను చేతిలోకి తీసుకుని, పిడి లాగి చూసి, తిరిగి ఇచ్చాడు. తరువాత బల్ల కింది నుంచి పాత చీర ముక్కలతో కుట్టిన చిన్న బొంత తీశాడు.

“మా బీరమ్మ కుట్టింది, నీ బిడ్డకు.”

ఇచ్చేముందు అలవాటుగా అతని బొటనవేలు బొంత అంచుల వెంట నడిచింది. కుట్ల మధ్య గట్టిగా ఏదైనా తగులుతుందేమోనని నాలుగు మూలలూ నొక్కింది.

అంజన్న పకపకా నవ్వాడు. “సొంత పెండ్లాన్ని గూడ నమ్మవ కాకా?”

“అలవాటు,” అన్నాడు సత్తయ్య.

అంజన్నకు ముప్ఫై ఏళ్లు దాటాయి. పెళ్లయిన తొమ్మిదేళ్లకు బిడ్డ పుట్టింది. భార్య సుమిత్ర జహీరాబాదులో తల్లిగారింట్లో ఉంది. ఆ రోజు ఇరవై ఒకటో రోజు, తొట్టెల వేసి పేరు పెడతారు. సేటు వెంకటనారాయణ ఆ రోజే షోలాపూరుకు బయలుదేరుతున్నాడు. దారిలో జహీరాబాదు దగ్గర ఒక గంట ఆగడానికి ఒప్పుకున్నాడు. తొమ్మిది గంటలకు బండి కదిలితే పన్నెండు లోపల ఎలాగైనా చేరుకోవచ్చు.

“ఏం పేరు పెడ్తున్నవ్?” అని అడిగాడు సత్తయ్య.

“గది ముందుగాల బిడ్డ చెవులనే చెప్త. ఎనుక నీకు.”

సంచి తాడు బిగించి బల్ల మీద పెట్టాడు. సత్తయ్య రిజిస్టరు తెరిచి రాసుకున్నాడు. ఆ పేజీల మధ్య నుంచి ఎండిన జమ్మి ఆకులు రెండు బల్ల మీద రాలాయి. వాటిని ఏరి మళ్లీ పేజీలోనే పెట్టాడు.

సత్తయ్య కంది అనే ఊరి మనిషి. యాభై నాలుగేళ్లు. ఎత్తుగా ఉండేవాడే గాని, ఎనిమిదేళ్లుగా వంగి వంగి మనుషుల నడుములు తడమడం వల్ల నిలబడ్డప్పుడు కూడా వంగినట్టే కనబడేవాడు. ఖాకీ చొక్కా కాలరు చిరిగితే బీరమ్మ తిరగేసి కుట్టింది. ఎడమ కన్ను సగం మూసుకుని చూడడం అతనికి ఎప్పుడు అలవాటయిందో తెలియదు. బోల్టులు, నట్లు చేసే ఆ కార్ఖానాలో మూడు షిఫ్టుల మనుషులూ ఆ సగం కన్ను ముందు నుంచే బయటికి పోవాలి. తలపాగా విప్పమంటే విప్పాలి. సద్ది గిన్నె మూత తీయమంటే తీయాలి. అతని మొలతాడుకు మూడు తాళంచెవులు ఉండేవి. ఒకటి గేటుది. ఒకటి పెట్రోలు డ్రమ్ముది. మూడోది చాలా చిన్నది, సేటు కారు ఢక్కన్‌ది.

కారు వెనక పక్కన, పెట్రోలు పోసే గొట్టానికి అడ్డంగా ఉండే అరచేయంత రేకు తలుపును కార్ఖానాలో అందరూ ఢక్కన్ అనేవారు. దానికి మొదట తాళం లేదు. కిందటేడు పెట్రోలు ధర ఒక్కసారిగా పెరిగిన తరువాత సేటు బామ్మర్ది అయిన మేనేజరు కాశీనాథ్, ఫిట్టరు యాదగిరితో దానికి బీరువా తాళం ఒకటి బిగించాడు. తాళంచెవి డ్రైవరుకు ఇవ్వలేదు. గేటు దగ్గర ఉంచాడు. గేటు గది వెనక నీడలో ఉన్న డ్రమ్ములోంచి సత్తయ్యే తోడి పోయాలి. అంజన్న దూరంగా నిలబడాలి.

అయినా ప్రతి వారం పెట్రోలు తక్కువ వచ్చేది. డ్రమ్ము చుట్టూ గడ్డి మొలవదు. అక్కడి మట్టి నల్లగా ఉంటుంది. ఎవరూ వంగి దాని అడుగు చూడలేదు. చూడవలసింది మనిషినేనని సత్తయ్యకు గట్టి నమ్మకం.

దసరాకు ముందు కాశీనాథ్ అతన్ని పిలిచి అన్నాడు: “పండుగ అయినంక వారంల దొంగను పడ్తవా, నీ జాగల ఇంకొకన్ని పెట్టాల్నా? రూము గూడ ఖాళీ జెయ్యాల్సొస్తది.”

రూము అంటే కార్ఖానా వెనక రేకుల గది. కందిలో ఉన్న రెండెకరాలూ ఎప్పుడో పోయాయి. ఆ గది పోతే బీరమ్మను ఎక్కడ ఉంచాలో సత్తయ్యకు తెలియదు. ఆ రోజు నుంచి అన్నం ముందు కూర్చున్నా అతనికి అంజన్న చేతులే కనబడేవి. ఆ చేతులకు పెట్రోలు వాసన వస్తుందా? డ్రైవరు చేతులకు రాక ఎవరి చేతులకు వస్తుంది? వచ్చినా అనుమానమే, సబ్బుతో కడుక్కుని వచ్చినా అనుమానమే.

తొమ్మిదికి పది నిమిషాల ముందు అంజన్న కారును డ్రమ్ము పక్కకు తెచ్చి ఆపాడు. సత్తయ్య గరాటు, డబ్బా పట్టుకుని వెళ్లి, మొలతాడు ముందుకు లాగి, చిన్న తాళంచెవిని రంధ్రంలో పెట్టి తిప్పాడు. అది పావు వంతు తిరిగి ఆగిపోయింది. బయటికి తీసి, చొక్కాకు తుడిచి, మళ్లీ పెట్టాడు. మళ్లీ అంతే.

“జెర మెల్లగ కాకా. ఇరుగుతది.”

“నువ్వు దూరముండు.”

అంజన్న రెండడుగులు వెనక్కి వేశాడు. సత్తయ్య రంధ్రంలో మిషను నూనె నాలుగు చుక్కలు వేశాడు. కాసేపు ఆగి తిప్పాడు. ఒక అరచేత్తో ఢక్కన్‌ను లోపలికి నొక్కిపట్టి, రెండో చేత్తో తిప్పాడు. అంచుల వెంట కట్టె సుత్తెతో చిన్నగా తట్టాడు. ఢక్కన్ కదలలేదు. లోపల ఏదో మెత్తగా అడ్డుపడుతున్నట్టుంది. ఇనుముకు ఇనుము తగిలినట్టు లేదు. దసరా సెలవుల్లో సేటు ఎక్కడికీ పోలేదు. ఢక్కన్ తీయవలసిన పని పడలేదు. పండుగ ముందు మంచిగానే ఉన్న తాళం, ఇవాళ అంజన్న దూరం పోవలసిన రోజున ఎందుకు తిరగడం లేదు?

టీ కాచే బక్కమ్మను వేడినీళ్లు తెమ్మన్నాడు. ఆమె కేతెలి పట్టుకుని వచ్చి కారును, మనుషులను మార్చి మార్చి చూసింది.

“ఇగ కారుకు గూడ చాయ్ పోస్తరా?”

“పొయ్యవే, నీ యెటకారమొకటి.”

వేడినీళ్లు పోసినా లాభం లేకపోయింది. నూనె, నీళ్లు కలిసి టైరు మీదుగా కారిపోయాయి. అప్పటికి తొమ్మిదిన్నర దాటింది. అంజన్న రోడ్డు వైపు ఒకసారి, ఎండ వైపు ఒకసారి చూశాడు. ఉండబట్టలేక దగ్గరికి వచ్చాడు.

“కాకా, డిక్కీ తీస్త. లోపటి అట్ట ఊడపీకితే తాళం నాలుక కొన కనవడ్తది. పేచ్‌కస్ పెట్టి ఎనుకకు నూకితే సాలు, ఊడొస్తది. అయిదు నిమిషాల పని.”

సత్తయ్య చేయి తాళం మీదే ఆగిపోయింది. సగం మూసిన కన్ను మెల్లగా అంజన్న వైపు తిరిగింది.

“తాళంచెవి లేకుంట తీసుడు నీకెట్ల ఎర్క?”

అంజన్న డిక్కీ వైపు చేయి చూపాడు.

“యాదగిరి బిగిస్తుంటే పక్కనున్న. సూసిన.”

“సూసినవ్. సూసి మనసుల పెట్టుకున్నవ్.”

“కాకా, నేను దొంగనైతే నీకెందుకు చెప్త? నాకు బిడ్డ తొట్టెలున్నది. బండి కదిలితే సాలని చెప్తున్న.”

“డిక్కీ ముట్టకు.”

అంజన్న ముట్టలేదు. డ్రమ్ముకు ఎదురుగా ఉన్న ఇటుకల కుప్ప మీద కూర్చుని మోకాళ్ల మధ్య చేతులు పెట్టుకున్నాడు. ఆ తరువాత తాళం గురించి అతను ఒక్క సలహా కూడా ఇవ్వలేదు. ఆ మౌనం కూడా సత్తయ్యకు నచ్చలేదు.

ఇన్నాళ్లకు దారం కొన దొరికినట్టనిపించింది. తాళం వేసి ఉండగానే డిక్కీ లోంచి తీస్తున్నాడు. మొన్న తీసినప్పుడు నాలుక వంకరపోయింది. అందుకే ఇవాళ తిరగడం లేదు. పెట్రోలు గుంజాలంటే రబ్బరు గొట్టం కావాలి. గొట్టం ఎక్కడుంది? సత్తయ్య గేటు గదిలోకి పోయి, పొద్దున్న తన కళ్ల ముందే సర్దిన సంచిని మళ్లీ విప్పాడు. ప్యాంటు, అంగి, తువ్వాల. గిలక్కాయ. బొంత. గొట్టం లేదు. లేకపోవడం అతనికి ఊరట కలిగించలేదు. సంచి తాడు ముడివేసి, తన స్టూలు వెనక మేకుకు తగిలించాడు. కారు కదిలేదాకా అది తన దగ్గరే ఉండాలనుకున్నాడు.

సంచులంటే సత్తయ్యకు ఈ పట్టింపు ఈ కార్ఖానాలో వచ్చింది కాదు. రజాకార్ల కాలంలో అతని తమ్ముడు పెంటయ్య షోలాపూరు పోతున్నానని ఒక పొద్దున సంచి భుజాన వేసుకున్నాడు. “నాల్గు రోజులల్ల వస్త అన్నా,” అన్నాడు. సత్తయ్య ఊరి పొలిమేర దాకా పోయి సాగనంపాడు. సంచిలో ఏముందని అడగలేదు. నెల తరువాత వాళ్లమ్మ బట్టలు ఉతకడానికి తీస్తూ దండెం మీద చిన్నకొడుకు బట్ట ఒక్కటీ లేదని చూసింది. పెళ్లికి కుట్టించిన అంగి కూడా లేదు. నాలుగు రోజులకు పోయేవాడు పెళ్లి అంగి ఎందుకు తీసుకుపోతాడు? ఆ పొద్దున సంచి మీద చేయి వేసి చూసినా తెలిసేది. పెంటయ్య మళ్లీ రాలేదు. అప్పటి నుంచి సత్తయ్యకు ఒక లెక్క ఏర్పడింది. ఒక జత బట్టలు పెట్టుకున్నవాడు తిరిగి వస్తాడు. అన్నీ పెట్టుకున్నవాడు రాడు. గేటు దగ్గర ఎనిమిదేళ్లలో ఆ లెక్క ఒక్కసారి కూడా తప్పలేదు.

పదకొండు గంటలకు కాశీనాథ్ వచ్చాడు. తెల్లని చొక్కా, చేతిలో తువాలు. సత్తయ్య చెప్పిందంతా నిలబడే విన్నాడు. డిక్కీ మాట రాగానే తల ఊపాడు.

“నేనప్పుడే అనుకున్న. ఇగ కాగితం మీద పెట్టు.”

కాగితం తానే రాశాడు. తాళంచెవి లేకుండా పెట్రోలు మూత తీసే విధం డ్రైవరుకు తెలుసనీ, తాళం చెడగొట్టింది అతనేననీ, గేటు కాపలాదారు సాక్ష్యమనీ చదివి వినిపించాడు. ‘చెడగొట్టింది అతనే’ అన్న చోట సత్తయ్య చేయి అడ్డం పెట్టాడు.

“నేను సూడలే సారు, చెడగొడుతుంటే.”

“మరెవలు చేసిండ్రు? తాళంచెవి నీ మొలకే ఉన్నదాయె. నువ్వు చేసినవా?”

సత్తయ్య కలం అందుకున్నాడు. పేరు రాయడం వచ్చు. ‘కంది సత్తయ్య’ అని నాలుగు చోట్ల ఆగి ఆగి రాశాడు. కిటికీలోంచి ఇటుకల కుప్ప కనబడుతోంది. అంజన్న అక్కడే కూర్చుని, నేల మీద పుల్లతో ఏదో గీసి అరికాలితో చెరిపేస్తున్నాడు.

పన్నెండు గంటలకు కార్ఖానా కూత కూసింది. అంజన్న తలెత్తి ఆ శబ్దం ఆగేదాకా విన్నాడు. బక్కమ్మ ఒక గ్లాసు టీ తెచ్చి అతని పక్కన పెట్టింది.

“తాగు బిడ్డా. ఆలస్యమైతె బిడ్డకు పేరు పెట్టకుంట ఆగుతరు గని.”

“ఆగరవ్వా. మా అత్త గడియ తప్పనియ్యదు.”

టీ మీద మీగడ కట్టింది. అతను తాగలేదు.

ఒంటిగంటన్నరకు రెండో షిఫ్టుకు యాదగిరి వచ్చాడు. అప్పటికి సేటు కూడా కారు దగ్గర నిలబడి చేతిగడియారం చూసుకుంటున్నాడు. యాదగిరి తాళం వైపు చూడనైనా చూడకుండా డిక్కీ ఎత్తాడు. లోపలి అట్టను రెండు మేకులు లాగి పక్కకు తీశాడు. స్క్రూలు విప్పే పేచ్‌కస్ పట్టుకుని భుజం దాకా లోపలికి దూర్చాడు. అంజన్న చెప్పిన పద్ధతే. సత్తయ్య అది చూశాడు. తల పక్కకు తిప్పుకున్నాడు.

“నాలుక మంచిగనే ఉన్నది,” అన్నాడు యాదగిరి లోపలి నుంచి. “ఏందో పుల్ల ఇరికింది. ముండ్లున్నయి.”

టక్కుమని శబ్దమైంది. ఢక్కన్ తెరుచుకుంది. దాని సందులోంచి ఎండిన రెమ్మ ఒకటి రాలి సత్తయ్య చెప్పు పక్కన పడింది. సన్నని ఆకులు, రెండు చిన్న ముళ్లు, తాళం నాలుక నలిపిన చోట పచ్చి గోధుమ రంగు, చివర అంటుకున్న కుంకుమ.

జమ్మి.

దసరా సాయంత్రం కార్ఖానా గేటు దగ్గర అందరూ జమ్మి ఇచ్చిపుచ్చుకున్నారు. బంగారమని ఒకరి చేతిలో ఒకరు పెట్టుకున్నారు. అంజన్న వచ్చి సత్తయ్య చేతిలో రెమ్మ పెట్టి, గట్టిగా కౌగిలించుకుని, “మనసుల ఏం పెట్టుకోకు కాకా” అన్నాడు. సత్తయ్య అప్పటికి రెండు ముంతల కల్లు తాగి ఉన్నాడు. కౌగిట్లో ఉన్నంతసేపూ వీడు ఇప్పుడెందుకు కౌగిలించుకుంటున్నాడనే ఆలోచించాడు. మనుషులు వెళ్లిపోయాక, ఏటా చేసినట్టే, తన పెత్తనంలో ఉన్న ప్రతి వస్తువుకూ జమ్మి పెట్టాడు. గేటు తాళానికి పెట్టాడు. రిజిస్టరులో, టార్చి గూట్లో, డ్రమ్ము మూత మీద పెట్టాడు. కిందటి దసరాకు ఢక్కన్‌కు తాళం లేదు. ఈసారే అది కొత్తగా తన చేతికి వచ్చింది. కారు షెడ్డులోకి పోయి, ఢక్కన్ తీసి, అంజన్న ఇచ్చిన రెమ్మనే కుంకుమ అంటించి సందులో దోపి, మూసి, తాళంచెవిని బలంగా తిప్పాడు. కల్లు మత్తులో చేసిన ఆ పని పొద్దున్నుంచి ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. ఇప్పుడు ఆ రెమ్మను చూడగానే, ఆ సాయంత్రం షెడ్డులోని చీకటి వాసనతో సహా గుర్తు వచ్చింది.

వంగి దాన్ని తీసుకుని పిడికిట్లో మూసుకున్నాడు. ముల్లు గుచ్చుకుంది.

“జమ్మాకు!” అన్నాడు కాశీనాథ్. “దీంట్లె జమ్మాకు ఎవడు పెట్టిండు?”

యాదగిరి పేచ్‌కస్ తుడుచుకున్నాడు. అంజన్న ఇటుకల కుప్ప మీద నుంచి లేచి నిలబడ్డాడు. అతను సత్తయ్య మొలతాడుకు వేలాడుతున్న చిన్న తాళంచెవిని చూశాడు. తరువాత సత్తయ్య ముఖం చూశాడు. ఆ చూపులో కోపం లేదు. పొద్దున్న సంచి సర్దుతూ ఒక్కొక్క వస్తువూ చూపించి ఆగినట్టే, ఇప్పుడూ ఆగాడు.

“వీడే పెట్టుంటడు,” అన్నాడు కాశీనాథ్, అంజన్న వైపు గడ్డం ఎత్తి. “తీసి, మళ్ల మూసేటప్పుడు ఇరికింది. ఏం సత్తయ్యా?”

రేకుల గది, గది ముందు బీరమ్మ ఆరబెట్టుకున్న మిరపకాయలు సత్తయ్య కళ్ల ముందు మెదిలాయి. నేనే పెట్టిన అని రెండు మాటలు. ఆ రెండు మాటలు అంటే కాగితం మీద సంతకం ఏమవుతుంది?

“నాకెర్కలేదు సారు,” అన్నాడు.

అంజన్న చేతులకు అంటిన ఇటుక దుమ్ము దులుపుకున్నాడు.

“పోదమా సేటూ? పొద్దు పోతున్నది.”

పెట్రోలు సత్తయ్యే పోశాడు. కొంత కింద ఒలికింది. సేటు వెనక సీట్లో కూర్చున్నాడు. కాశీనాథ్ కిటికీలోంచి వంగి, మడిచిన కాగితం సేటు జేబులో పెట్టి, చెవిలో ఏదో చెప్పాడు. సేటు డ్రైవరు తల వెనక భాగాన్ని చూస్తూ విన్నాడు. అంజన్న ముందుకే చూస్తున్నాడు. విన్నాడో లేదో తెలియదు.

సత్తయ్య గేటు తెరిచాడు. కారు దాటింది. రిజిస్టరులో ‘బయటికి’ అన్న చోట రెండు గంటల పది నిమిషాలు అని రాశాడు. కలం పెట్టి తలెత్తితే స్టూలు వెనక మేకుకు సంచి కనబడింది.

గబుక్కున దాన్ని అందుకుని గేటు దాకా వచ్చాడు. కారు ఇంకా దూరం పోలేదు. బొంబాయి రోడ్డు ఎక్కే చోట వరుసగా లారీలు పోతుంటే అవి దాటడానికి ఆగి ఉంది. అంజన్న మోచేయి కిటికీ బయట కనబడుతోంది. గట్టిగా కేక వేస్తే వినబడుతుంది. ‘అంజన్నా’ అంటే చాలు. కాని పిలిస్తే అతను దిగి వస్తాడు. దగ్గరికి వచ్చి ఎదురుగా నిలబడతాడు. సత్తయ్య కుడి పిడికిట్లో జమ్మి ఇంకా అలాగే ఉంది.

లారీలు దాటిపోయాయి. కారు సంగారెడ్డి వైపు తిరిగింది.

వస్తాడులే, ఎల్లుండి వస్తాడు, అనుకున్నాడు సత్తయ్య. సంచి కోసమైనా వస్తాడు. అప్పుడు చెప్పవచ్చు. కాగితం వాపసు తీసుకోమని సారును అడగవచ్చు. సంచిని మళ్లీ మేకుకు తగిలించాడు.

సాయంత్రం గదికి పోతే బీరమ్మ జొన్నరొట్టె పెడుతూ అడిగింది: “బొంత ఇచ్చినవా?”

“ఇచ్చిన.”

“ఏమన్నడు?”

“నవ్విండు.”

అది అబద్ధం కాదు. అందుకే రొట్టెను తుంచి తుంచి పళ్లెంలోనే పెట్టాడు.

“తొట్టెలకు అందిండా మరి? బక్కమ్మ అన్నది, బండి శాన ఆలిశమైందట గద.”

“అందే ఉంటడు.”

బీరమ్మ అతని అరచేతిలో చిన్న రక్తపు చుక్క చూసి ఏమైందని అడిగింది. ముల్లు అన్నాడు. ఏం ముల్లని ఆమె అడగలేదు. సూది తెచ్చి, దీపం దగ్గరికి చేయి లాక్కుని, ముల్లు కొన తీసి, పసుపు అద్దింది.

గురువారం పగలు కారు తిరిగి వచ్చింది. గేటు తెరుస్తూనే సత్తయ్య డ్రైవరు సీటు వైపు చూశాడు. మీసాల మనిషి ఎవరో కూర్చుని ఉన్నాడు. తెలుగు రాదు. షోలాపూరులో సేటు చుట్టాలు కుదిర్చిన మనిషి. సేటు కిటికీ దించి, “వాణ్ని తీసేసినం సత్తయ్యా. షోలాపూర్ల కాగితం చూపిస్తే ఒక్క మాట గూడ మాట్లాడలే. తాళాలు చేతుల పెట్టి పోయిండు,” అన్నాడు. మెచ్చుకోలుగా తల ఊపాడు కూడా. సత్తయ్య గేటు రెక్క పట్టుకునే ఉన్నాడు.

“జహీరాబాదుల ఆగిండ్రా సేటూ, పోయేటప్పుడు?”

“ఎక్కడాగుతం? అప్పటికే పొద్దెక్కువైంది.”

ఆ వారం కూడా పెట్రోలు తక్కువ వచ్చింది. ఆ పై వారమూ వచ్చింది. కాశీనాథ్ కొత్త డ్రైవరును అనుమానించమన్నాడు. సత్తయ్య ఒక మధ్యాహ్నం ఎవరూ చెప్పకుండానే డ్రమ్ము పక్కన మోకాళ్ల మీద కూర్చుని, దాని అడుగున వేలితో తడిమాడు. వేలు తడిసింది. వాసన చూశాడు. యాదగిరిని పిలిచి అతుకు వేయించాడు.

జహీరాబాదు పోయే లారీ డ్రైవర్లను గేటు దగ్గర ఆపి, సుమిత్ర అనే బాలింత తల్లిగారిల్లు ఎక్కడో తెలుసా అని అడిగేవాడు. వాడ పేరు లేకుండా ఎట్ల అనేవారు వాళ్లు. బిడ్డ పేరు ఏమిటని అడిగాడు ఒకతను. సత్తయ్యకు తెలియదు.

ఇంకా ఏడేళ్లు ఆ గేటు దగ్గరే పనిచేశాడు. మనుషుల నడుములు తడమడం మాత్రం మానలేదు. అది అతని పని. కాని సంచి విప్పమని ఎవరినీ అడగలేదు. ఏటా దసరాకు గేటు గదికి సున్నం వేసేటప్పుడు మేకుకు ఉన్న సంచిని దింపి, దుమ్ము దులిపి, మళ్లీ అక్కడే తగిలించేవాడు. దింపినప్పుడల్లా లోపల గిలక్కాయ చప్పుడు చేసేది.

డ్రైవరు అంజన్న 1974 అక్టోబరు 29, మంగళవారం పగలు రెండు గంటల పది నిమిషాలకు ఆ గేటు దాటి వెళ్లాడు, తిరిగి రాలేదు. మేకుకు వేలాడే సంచిలో ఒక్క జత బట్టలే ఉన్నాయి.